కొలువులకు అడంగలు కావలెను

2025వ సంవత్సరము ఏప్రిలు మాసమున ఆంధ్రప్రదేశ మంత్రివర్గము విశాఖపట్టణములో 21.16 ఎకరముల భూమిని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ కంపెనీకి 99 పైసల నామమాత్రపు వెలకు ఇచ్చుటకు నిశ్చయించినది. కంపెనీవారు 1,370 కోట్ల రూపాయలు వెచ్చించి 12,000 మందికి కొలువులు కల్పింతురని చెప్పబడినది. కొలది మాసములలోనే కాగ్నిజెంటు కంపెనీకిని అట్టి వెలకే 21 ఎకరములకు పైగా ఇయ్యబడినది. అచ్చటి వాగ్దానము 8,000 కొలువులు. విశాఖలో ఇల్లు కట్టుకొనుటకు నాలుగు సెంట్ల నేల కొనజూచిన గృహస్థునకు ఈ 99 పైసల మాట వింతగనే తోచును. అయినను ఈ దానమును నిందించుటకు మేము పూనుకొనలేదు. మన బిడ్డలు పట్టములు చేతబట్టుకొని బెంగుళూరునకును, చెన్నపురికిని, సముద్రములు దాటి పరదేశములకును పోవుచుండగా, కొలువునే మన ముంగిటికి రప్పింపవలెనను తలంపు తప్పు కాదు. మా ప్రశ్న వేరు. ఆ 12,000లో వచ్చినవెన్ని, వచ్చి నిలిచినవెన్ని అని మూడేండ్ల పిమ్మట అడిగినచో చెప్పువారెవరు? వాగ్దానము చేసిన కంపెనీవారు చెప్పవచ్చును. భూమి నిచ్చిన మంత్రులు సభలలో చెప్పవచ్చును. ప్రజలు నెలనెలా తామే చూచుకొనదగిన లెక్క మాత్రము ఎచ్చటను కానరాదు.

రైతు సంగతి చూడుడు. ఎకరము నేల గలవాడు ఏ పైరు వేసినాడో, ఎంత మేర వేసినాడో, అది బావి క్రిందిదో కాలువ క్రిందిదో, అంతయు అడంగలులో ఎక్కవలసినదే. తెలంగాణమున దానినే పహాణీ యందురు. పూర్వము కరణముగారు వ్రాసెడివారు. అజమాయిషీకి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి గట్టుమీద నిలిచి చూచెడివాడు. జమాబందీలో తాసీల్దారుగారు మరల సరిచూచెడివారు. 1984లో కరణీకములు రద్దయినవి గాని వ్రాత పోలేదు. నేడు ఆంధ్రప్రదేశమున అది ‘ఈ-పంట’ యను పేర యంత్రములో ఎక్కుచున్నది. ఎక్కని పైరునకు నష్టపరిహారము రాదు, ప్రభుత్వపు కొనుగోలును దొరకదు. అర యెకరపు మినుముల విషయమున ఇంత పట్టింపు గల ప్రభుత్వము, 21 ఎకరములలో మొలవవలసిన 12,000 కొలువులకు అడంగలు తెరువకుండుట ఎట్టి న్యాయము?

ఈ కొలువుల స్వభావమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. ఇవి మిల్లు కొలువులు కావు, గనుల కొలువులు కావు. సరకు చేయుటకును అమ్ముటకును గాక, కంపెనీ తన్ను తాను నడుపుకొనుటకు కావలసిన పని యొకటి కలదు: జమాఖర్చులు, జీతపుపట్టీలు, కొనుగోళ్లు, ఒప్పందపత్రములు, సిబ్బంది నియామకములు, వచ్చు సంవత్సరపు ఆదాయవ్యయముల అంచనాలు. ఒకప్పుడీ పని ప్రధాన కార్యాలయపు గోడల లోపలనే జరిగెడిది. ఇప్పుడది ఖండములు దాటినది. నాస్కామ్, జిన్నోవ్ సంస్థలు 2024లో ప్రకటించిన లెక్క చొప్పున విదేశీ కంపెనీలు తమ సొంత పనికై మన దేశమున నెలకొల్పుకొన్న కేంద్రములు 1,700లకు పైబడినవి. వానిలో పనిచేయువారు 19 లక్షలు. హైదరాబాదులోనే అట్టి కేంద్రములు 350కి పైగా కలవు. షికాగోలో ప్రధాన కార్యాలయము గల మెక్‌డొనాల్డ్స్‌వారును 2025లో హైదరాబాదున పెద్ద కార్యాలయమును తెరచిరి. మన ఊరి మిఠాయి దుకాణమువాడు తన చిఠ్ఠా తానే వ్రాసికొనును. షికాగో రొట్టెల వర్తకుడు తన కార్యాలయపు పనిలో కొంత హైదరాబాదున చేయించుకొనుచున్నాడు. టాటావారును కాగ్నిజెంటువారును పరుల పనిని ప్రతిఫలమునకు చేసిపెట్టువారు, ఈ తక్కినవారు తమ పనినే ఇచ్చటకు తెచ్చుకొన్నవారు; భేదమంతియే. పని చాలవరకు దగ్గరి చుట్టరికము గలదే.

పెత్తనము ఎచ్చట కూర్చుండునో తెలిసికొనుట మన జాతికి క్రొత్త విద్య కాదు. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్టణమున గిడ్డంగి పెట్టినది. ఆజ్ఞలు మాత్రము లండనునుండి వచ్చెడివి. 1834లో ద్వారకనాథ ఠాకూరు కలకత్తాలో స్థాపించిన కార్ ఠాకూరు కంపెనీతో మొదలిడి, 1970లో రద్దగువరకును మేనేజింగు ఏజెన్సీలు ఈ దేశపు తోటలను, గనులను, మిల్లులను పట్టణములలోని కొలది గదులనుండి నడపినవి. వాటాదారు ఒకడు, శ్రమించువాడు మరియొకడు, కమీషను తినువాడు వేరొకడు. దాదాభాయి నౌరోజీ మహాశయుడు ఇంగ్లీషు ప్రభుత్వముపై ఎత్తిన మొదటి ఆయుధము లెక్కయే. 1867–70 సంవత్సరములకు భారతీయుని తలసరి వార్షికాదాయము 20 రూపాయలని ఆయన ప్రభుత్వపు కాగితములనుండియే తీసి చూపెను. ఆ తండ్రుల బిడ్డలమైన మనము స్వరాజ్యమున లెక్క నడుగుటకు సంకోచింపనేల?

ఇట్టి కార్యాలయపు కొలువులను రాష్ట్రముల వారీగా విడదీసి లెక్కించుటలో అమెరికా సంయుక్త రాష్ట్రములవారు చాల దూరము పోయినారు. 1997లో కెనడా, మెక్సికోలతో కలిసి వారు అమలునకు తెచ్చిన పరిశ్రమల వర్గీకరణలో 55వ సంఖ్య కంపెనీల నిర్వహణకు కేటాయింపబడినది. ఇతర కంపెనీల వాటాలను చేతబట్టి పెత్తనము చేయు సంస్థల ఆఫీసులును, ప్రధాన కార్యాలయములును, ప్రాంతీయ నిర్వాహక కార్యాలయములును ఇందులో చేరును. అంతకు ముందరి వర్గీకరణలో ఉక్కు కంపెనీవారి ప్రధాన కార్యాలయమును ఉక్కు పరిశ్రమలోను, దుకాణముల కంపెనీవారి కార్యాలయమును వర్తకములోను కలిపివేసెడివారు. గుమాస్తా కొలిమివాని ఖాతాలో పడెడివాడు. విడదీసిన పిమ్మటగాని పెత్తనపు పని యెంత కలదో కంటికి కనబడలేదు. నేడది ఆ దేశమంతటను సుమారు 25 లక్షల కొలువులు. వ్యవసాయము గాక తక్కిన కొలువులన్నియు దాదాపు 16 కోట్లు. అందులో నూటికి ఒకటిన్నర పాలు.

లెక్క తీయు రీతియు గమనింపదగినది. అచ్చటి కార్మిక గణాంకశాఖ 1884లో పుట్టినది. ఈ శాఖవారు నెలనెలా సుమారు 1,20,000 సంస్థలను ఈ ప్రశ్న నడుగుదురు: ఈ నెల 12వ తేదీ చేరియున్న జీతపు గడువులో మీ పట్టీలో ఎందరికి జీతము ముట్టినది? వాగ్దానమెంత యని కాదు, పెట్టుబడి యెంత యని కాదు, జీతము ముట్టినవారెందరు అనియే. ఇది నమూనా పరిశీలన గనుక తప్పు దొర్లవచ్చును. దానిని ఏటేట మరియొక పెద్ద పట్టికతో సరిచూతురు. 1935 నాటి సాంఘిక భద్రతా చట్టముతో ఏర్పడిన నిరుద్యోగ భీమాకై యజమానులు పన్ను కట్టుచు, ఎందరు పనివారికి కట్టుచున్నారో రాష్ట్ర ప్రభుత్వమునకు తెలుపవలెను. దేశములోని కొలువులలో నూటికి 95 పాళ్లకు పైగా ఆ కాగితములలో ఎక్కును. అనగా పన్ను వసూలు పుస్తకమే కొలువుల అడంగలు అగుచున్నది. పాఠకులు ఈ యంశమును జ్ఞాపకముంచుకొన గోరెదము. మరల దీనికే వత్తుము.

ఆ లెక్క పని జరుగు చోటును బట్టి యుండును, కంపెనీ రిజిస్టరు అయిన చోటును బట్టి కాదు. డెలవేరు అను చిన్న రాష్ట్రమున, అచ్చటి చట్టము అనుకూలమని, అమెరికాలోని అయిదువందల మహాకంపెనీలలో మూడింట రెండు వంతులు రిజిస్టరు అయియున్నవి. కాని వాని మేనేజర్లు అచ్చట కూర్చుండరు. గనుక కొలువుల లెక్క ఆ రాష్ట్రమునకు పోదు. టార్గెటు, త్రీయెమ్, జనరల్ మిల్స్ కంపెనీల ప్రధాన కార్యాలయములు గల మిన్నెసోటాలో ఈ పని పాలు జాతీయపు పాలుకన్న హెచ్చుగా కనబడును. బోయింగు కంపెనీ ప్రధాన కార్యాలయము 2001లో సియాటిల్ నుండి షికాగోకు పోయినది. అచ్చటినుండి వర్జీనియాలోని ఆర్లింగ్టనుకు మారుచున్నట్లు 2022లో ప్రకటించిరి. ఇన్ని మారులు పీఠము కదలినను సియాటిల్ పరిసరములలో విమానముల తయారీ ఆగలేదు. పీఠము వేరు, పని వేరు అని ఈ పట్టికలు చూచువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

దోషములు లేవని మేమనము. ప్రధాన కార్యాలయము ఫ్యాక్టరీ ఆవరణలోనే యున్నచో అది సాధారణముగా ఫ్యాక్టరీ పద్దులోనే కలిసిపోవును. దానినే వీధి కావలనున్న మేడలోనికి మార్చినచో 55వ పద్దు హఠాత్తుగా పెరుగును, మనిషి యొక్కడు హెచ్చకున్నను. ఒకటి రెండు కంపెనీలే పెద్దవైన చోట్ల వాని గుట్టు బయటపడునని అంకెనే ప్రకటింపరు. అధ్యక్షుడును ఆఫీసు ద్వారపాలకుడును ఒకే కార్యాలయపు పట్టీలో నున్నచో ఇద్దరును చెరియొక కొలువే. చూడనేర్చినవానికే అంకె మాటాడును.

ఈ లెక్కవలన ఫలమేమన్నచో ఒక ఉదాహరణము చాలును. 2016లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారు తమ ప్రధాన కార్యాలయమును కనెక్టికట్ రాష్ట్రపు ఫెయిర్‌ఫీల్డునుండి మసాచుసెట్సు రాష్ట్రపు బోస్టనుకు మార్తుమని ప్రకటించిరి. రాష్ట్రమును నగరమును కలిసి 14 కోట్ల 50 లక్షల డాలర్ల వరకు సాయము చేయుటకు ఒప్పుకొనినవి. కంపెనీ చూపిన ఆశ 800 కొలువులు. కంపెనీ దశ తిరుగబడినది. 2019లో 800 కాదు, 250 మందియే యుందురని తేలినది. అప్పుడు కంపెనీవారు రాష్ట్రము వెచ్చించిన 8 కోట్ల 70 లక్షల డాలర్లను తిరిగి చెల్లించుటకు అంగీకరించిరి. ఆ కంపెనీ మనవారికన్న ధర్మాత్మురాలని మేము చెప్పుటలేదు. 800 అను సంఖ్య ఏర్పాటునకు మూలాధారమై కాగితముపై నుండినది. దానిని కొలుచు వాడుక ఆ సమాజమున నుండినది. కనుక మాట తప్పినప్పుడు సొమ్ము వెనుకకు వచ్చినది.

ఇంత చేసినవారును ఇటీవల తమ తక్కెడను తామే తన్నుకొనిరి. 2025 ఆగస్టు 1వ తేదీని కొలువుల అంకెలు నీరసముగా వచ్చినవి. అంతకుముందరి రెండు మాసముల అంకెలును 2,58,000 మేర తగ్గించి సవరింపబడినవి. ఆ దినముననే అధ్యక్షుడు ట్రంపు గణాంకశాఖ ప్రధానాధికారిణి ఎరికా మెక్‌ఎంటార్ఫరును పదవినుండి తొలగించిరి. సవరణ యనునది ఆ పద్ధతిలో నిత్యకృత్యము. ఆలస్యముగా వచ్చిన జవాబులు చేరినకొలది అంకె మారును. బియ్యము తూకము తక్కువ వచ్చినదని కాటావానిని కొట్టిన షావుకారును సంతలో ఏమందురో మన పాఠకులకు తెలియును. ఆ శరత్కాలముననే ప్రభుత్వ కార్యాలయములు ఆరు వారములు మూతపడి, అక్టోబరు లెక్కలు వేళకు రాక చెడినవి. లెక్క యుంచుట యొక యెత్తు, పాలకుల కోపమునుండి దానిని కాపాడుకొనుట మరియొక యెత్తు. మనము నేర్చుకొనునప్పుడు ఈ రెండవ పాఠమును విడువరాదు.

ఇక మన ఇంటి సంగతి. మన పరిశ్రమల వర్గీకరణలోను 70వ విభాగము ప్రధాన కార్యాలయముల పనికిని నిర్వహణ సలహాలకును ఏర్పడియే యున్నది. గూడు కలదు, అందులో గ్రుడ్డు లేదు. భవిష్యనిధి సంస్థవారు 2018 ఏప్రిలునుండి నెలనెలా అంకెలు ప్రకటించుచున్నారు; అవి క్రొత్తగా చేరినవారినుండి విడిచినవారిని తీసివేయగా మిగిలిన సంఖ్యలు. ఎందరున్నారను ప్రశ్నకు అవి జవాబు కావు. వానిలో ‘నిపుణ సేవలు’ అని యొక గొప్ప పద్దు కలదు. పేరు విని అకౌంటెంట్లు, న్యాయవాదులు, మేనేజర్లు అందున్నారని భ్రమపడవలదు. మనుషులను సరఫరా చేయువారును, సామాన్య కంట్రాక్టరులును, కాపలా కంపెనీలును అందులో ఒక్క కుప్పగా పడియున్నవి. గేటు కడ నిలుచు కావలివాడు నిపుణుడు కాడని మేమనము గాని, అతనిని కోశాధికారిని ఒకే గంపలో వేసిన లెక్కవలన ప్రయోజనమేమి?

శ్రామికుల సర్వే యొకటి కలదు. అది 2025 జనవరినుండి పద్ధతి మార్చుకొని నెలవారీ ఫలితముల నిచ్చుచున్నది, మంచిదే. కాని అది ఇండ్లకు పోయి అడుగు నమూనా పరిశీలన. నూటికి ఒకరిద్దరు చేయు పని యొక్క రాష్ట్రవారీ అంకెను దానినుండి తీయబూనుట గోదావరినీటిని ఉద్ధరిణితో కొలుచుటవంటిది. 1959 నాటి ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీల చట్టము 25 మందికి తక్కువ కాని ప్రైవేటు సంస్థలు మూడు మాసములకొకసారి తమ సిబ్బంది లెక్క పంపవలెనని విధించినది. అరువదియారేండ్లు బ్రదికిన ఆ చట్టము 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలో కలిసిపోయి, 2025 నవంబరు 21న ఆ స్మృతి అమలునకు వచ్చుటతో ముగిసినది. దానివలన ఏ పౌరుడును హైదరాబాదులో ఈ మాసమున ఇన్ని కార్యాలయపు కొలువులున్నవని చెప్పగలుగలేదు.

ఢిల్లీకై చూడనక్కరలేదని మా వాదము. రెండు తెలుగు ప్రభుత్వముల చేతిలోనే పుస్తకము సిద్ధముగా నున్నది. అది వృత్తిపన్ను పుస్తకము. 1987 నాటి చట్టము చొప్పున యజమాని తన సిబ్బంది జీతమునుండి వృత్తిపన్ను పట్టుకొని నెలనెలా వాణిజ్యపన్నుల శాఖకు చెల్లింపవలెను. జీతము 15,000 దాటి 20,000 వరకు నున్నచో 150 రూపాయలు, ఆపైన 200 రూపాయలు. పట్టుకొన్న పన్నుతో బాటు ఏ తరగతిలో ఎందరున్నారో పత్రములో చూపవలెను. అమెరికావారికి భీమా పన్ను ఏ పని చేయుచున్నదో, మనకు ఈ వృత్తిపన్ను ఆ పనినే చేయగలదు. క్రొత్త గుమాస్తా అక్కరలేదు, క్రొత్త చట్టమును అక్కరలేదు. వచ్చిన కాగితములను కూడి, పనిజాతి చొప్పున విడదీసి, జిల్లా చొప్పున ప్రకటించుటయే కావలసినది.

ఇందులోని లోపములను మేమే చెప్పెదము. 15,000 రూపాయలకు లోబడినవారికి పన్ను లేదు గనుక ఊడ్చువాడును, టీ తెచ్చువాడును ఈ లెక్కకు చిక్కుట కష్టము. కంట్రాక్టరు పంపినవారు కంట్రాక్టరు పేరనే కనబడుదురు. పాతికవేల గుమాస్తాయు పాతిక లక్షల దొరయు నెలకు 200 రూపాయలే కట్టుదురు, ఏలయన రాజ్యాంగపు 276వ అధికరణము ఏటికి 2,500 రూపాయలను మించరాదని గీత గీసినది. కాబట్టి పెత్తనము వచ్చినదా, వట్టి గుమాస్తాగిరి వచ్చినదా అను ప్రశ్నకు జవాబు కావలెనన్నచో జీతపు తరగతులను మరి రెండు మూడు పెంచి వ్రాయించుకొనవలెను, పన్ను పెంచనక్కరలేదు. మా మట్టుకు మాకు అన్నిటికన్న ముఖ్యముగా తోచునది ఈ తుది ప్రశ్నయే. మచిలీపట్టణపు గిడ్డంగిలోను లెక్క వ్రాసినవారు మనవారే యుండిరి. ఆజ్ఞ యిచ్చువారలలో మనవారెందరు, అందులోను ఈ గడ్డమీద కూర్చుండి యిచ్చువారెందరు?

కంపెనీలవారు ఇది వ్యాపార రహస్యమనవచ్చును. సొంత సొమ్ముతో భూమి కొని సొంత మేడ కట్టుకొన్న కంపెనీ పేరు మాకక్కరలేదు. దాని అంకెను జిల్లా మొత్తములో కలిపి చెప్పినను చాలును. కాని ప్రజల భూమిని 99 పైసలకు పుచ్చుకొన్నవారు రహస్యము మాట ఎత్తుట సిగ్గుచేటు. కౌలుకు భూమి తీసికొన్నవాడు పంట ఎంత పండినదో భూస్వామికి చెప్పననునా? ఇచ్చట భూస్వామి ప్రజ. ప్రభుత్వమువారు ఇట్టివెల్ల వేసినచో పెట్టుబడి పొరుగు రాష్ట్రమునకు పోవునని భయపడవచ్చును. జీతపుపట్టీని చూపుటకు భయపడి పారిపోవు కంపెనీ జీతము లిచ్చుటకు వచ్చినది కాదని మా నమ్మకము.

ఈ విషయమున ఒక్క సంగతి ఉపేక్షింపరాదు. లెక్క తీయు అధికారి ఉద్యోగము భూమి నిచ్చు మంత్రి ఇష్టాయిష్టములపై ఆధారపడియున్నచో అమెరికాలో ఆగస్టున జరిగినది ఇచ్చట మొదటి మాసముననే జరుగును. ప్రకటన తేదీని ముందుగనే నిర్ణయించి, ఆ తేదీని అంకె మంచిదైనను చెడ్డదైనను పత్రికలకు ఇయ్యవలెను. సవరణ వచ్చినచో పాత అంకెప్రక్కనే క్రొత్తది అచ్చువేయవలెను.

శాసనసభ్యులకు మా విన్నపము మూడు ప్రశ్నల మేర మాత్రమే. విశాఖలో టాటా, కాగ్నిజెంటు కంపెనీలకు ఇచ్చిన భూములకు సంబంధించిన ఒప్పందములలో కొలువుల సంఖ్యయు, గడువును, తప్పినచో భూమి వెనుకకు వచ్చు షరతును కలవా? హైదరాబాదులోని 350కి పైబడిన కేంద్రములలో వృత్తిపన్ను కట్టుచున్నవారు గత సంవత్సరము మార్చిలో ఎందరు, ఈ మార్చిలో ఎందరు? ఈ లెక్కను రెండు రాష్ట్రముల వాణిజ్యపన్నుల శాఖలు ఏ మాసమునుండి ప్రకటింపగలవు? వచ్చు సమావేశములలో అమరావతియందొకరు, హైదరాబాదునందొకరు లేచి అడిగినచో, మంత్రుల జవాబులను మేము ఇదే పుటలో సంపూర్ణముగా ప్రచురింతుము.